మన సాఫ్ట్‌వేర్ క్లోజ్డ్, వాడే లైబ్రరీలు ఓపెన్: ఏ లైసెన్స్ ఎక్కడ పట్టుకుంటుంది?

కొత్తకోడు | పోస్ట్ 1

అందరికీ నమస్తే. సీ++ డెస్క్‌టాప్ అప్లికేషన్ ఒకటి డబ్బుకి అమ్మబోతున్నాం. సోర్స్ ఇవ్వం. లోపల వాడుతున్నవి ఇవి: తెరల కోసం క్యూటీ 6 ఓపెన్ సోర్స్ ఎడిషన్, వీడియో కోసం ఎఫ్ఎఫ్ఎంపెగ్, కన్సోల్ మోడ్ కోసం గ్నూ రీడ్‌లైన్, ఎన్‌క్రిప్షన్‌కి ఓపెన్ఎస్ఎస్ఎల్ 3, కంప్రెషన్‌కి జెడ్‌లిబ్, పీడీఎఫ్ ఎగుమతికి ఘోస్ట్‌స్క్రిప్ట్. దీనికి తోడు నోడ్‌లో రాసిన సర్వర్ ఉంది. కొందరు కస్టమర్లు దాన్ని తమ దగ్గరే నడుపుకుంటామంటే డాకర్ ఇమేజ్ (సర్వర్, దానికి కావలసినవన్నీ కలిపిన మూట) ఇస్తాం.

నా ప్రశ్నలు (ఎంఐటీ, బీఎస్‌డీ అంటే షరతులు తక్కువుండే లైసెన్సులు; జీపీఎల్ అంటే ప్రోగ్రామ్ కాపీ ఇస్తే సోర్సూ ఇవ్వమనేది; ఎల్‌జీపీఎల్ అంటే లైబ్రరీల కోసం దాన్ని సడలించినది): ఎంఐటీ, బీఎస్‌డీ అయితే కళ్లు మూసుకుని వాడేయొచ్చా? ఎల్‌జీపీఎల్ లైబ్రరీని స్టాటిక్‌గా (మా ఈఎక్స్ఈ లోపలే కలిపేసి) లింక్ చేస్తే మా సోర్స్ కూడా ఇవ్వాల్సిందేనా? జీపీఎల్ ప్రోగ్రామ్‌ని వేరే ప్రాసెస్‌గా నడిపితే గొడవ ఉండదంటారు, నిజమేనా?

---

టార్‌బాల్ | పోస్ట్ 2

లైసెన్స్ పేరు చూసే ముందు ఇంకో సంగతి తేల్చుకోండి: ఏ ఫైలు ఎవరి చేతికి వెళ్తోంది? జీపీఎల్ కుటుంబంలో చాలా బాధ్యతలు కాపీ బయటివాళ్లకి ఇచ్చినప్పుడే మొదలవుతాయి. సంస్థ లోపలే వాడుకుంటే ఎవరికీ సోర్స్ ఇవ్వక్కర్లేదు. మీ సర్వర్ మీ దగ్గరే నడిచినంతకాలం అందులో జీపీఎల్ కోడ్ ఉన్నా ఇచ్చినట్టు కాదు. అదే సర్వర్‌ని డాకర్ ఇమేజ్‌గా కస్టమర్‌కి పంపిన రోజు ఇచ్చినట్టే. ఒకే కోడ్, రెండు రకాల లెక్క.

ఏజీపీఎల్ దీనికి మినహాయింపు. దాని 13వ సెక్షన్ ప్రకారం, మీరు మార్చిన వెర్షన్‌ని నెట్‌వర్క్ మీద జనం వాడుతుంటే, కాపీ ఇవ్వకపోయినా వాళ్లకి సోర్స్ అందుబాటులో పెట్టాలి.

ఇక మీ జాబితా:

రీడ్‌లైన్ తీసేయండి. అది జీపీఎల్ 3, ఎల్‌జీపీఎల్ కాదు. డీఎల్ఎల్‌గా (ఈఎక్స్ఈ బయట విడి ఫైలుగా) లింక్ చేసినా ఫలితం మారదని జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మొదటినుంచీ చెబుతున్న మాట. దీనిమీద న్యాయస్థానాల్లో తేలని వాదనలు ఉన్నాయి గానీ, ఒక కన్సోల్ మోడ్ కోసం ఆ వాదనలో పడటం దండగ. బీఎస్‌డీ లైసెన్స్‌తో లిబ్‌ఎడిట్ ఉంది, రీడ్‌లైన్ లాంటి ఫంక్షన్ పేర్లే ఇస్తుంది. విండోస్ కూడా కావాలంటే రెప్లెక్స్ చూడండి, అదీ బీఎస్‌డీయే.

ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 నుంచి అపాచీ 2.0. పాత 1.1.1 అయితే వేరే లైసెన్స్, ప్రకటనల్లో పేరు చెప్పాలన్న షరతు ఉండేది. వెర్షన్ నంబర్ రాసిపెట్టుకోండి.

జెడ్‌లిబ్‌తో చిక్కేమీ లేదు. బైనరీలో పేరు వేయమని కూడా అడగదు.

క్యూటీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఘోస్ట్‌స్క్రిప్ట్ (ఇది ఏజీపీఎల్): అసలు పని ఈ మూడింటి దగ్గరే.

---

లింకర్77 | పోస్ట్ 3

ఎఫ్ఎఫ్ఎంపెగ్ సంగతి నేను చెప్తా. "ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎల్‌జీపీఎల్ కదా" అనేది సగం నిజం. సోర్స్ నుంచి ఏ ఆప్షన్లూ ఇవ్వకుండా బిల్డ్ చేస్తే ఎల్‌జీపీఎల్ 2.1 లేదా ఆపై వెర్షన్. కాన్ఫిగర్ చేసేటప్పుడు ఇచ్చే జెండాల్ని బట్టి అది మారిపోతుంది:

`--ఎనేబుల్-జీపీఎల్` ఇస్తే మొత్తం జీపీఎల్.
`--ఎనేబుల్-వెర్షన్3` ఇస్తే ఎల్‌జీపీఎల్ 3కి, పై జెండా కూడా ఉంటే జీపీఎల్ 3కి ఎక్కుతుంది.
`--ఎనేబుల్-నాన్‌ఫ్రీ` ఇస్తే ఆ బైనరీని అసలు ఎవరికీ ఇవ్వకూడదు. సోర్స్ ఇస్తామన్నా కుదరదు.

ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ బిల్డుల్లో చాలావరకు మొదటి జెండాతోనే వస్తాయి, ఎందుకంటే ఎక్స్264, ఎక్స్265 (వీడియో ఎన్‌కోడర్లు) కావాలంటే అది తప్పదు. రెండూ జీపీఎల్. అందుకని ముందు మీ దగ్గరున్న బైనరీని `-వెర్షన్` ఆప్షన్‌తో నడిపి, "కాన్ఫిగరేషన్" అని వచ్చే పొడుగాటి లైను చదవండి. లైబ్రరీగా వాడుతుంటే ఏవీకోడెక్ లైసెన్స్ ఫంక్షన్‌ని పిలవండి, లైసెన్స్ పేరు స్ట్రింగ్‌గా వస్తుంది. బిల్డ్ సర్వర్‌లో ఆ స్ట్రింగ్ "ఎల్‌జీపీఎల్" అని మొదలవకపోతే బిల్డ్ ఫెయిల్ అయ్యేలా ఒక టెస్ట్ పెట్టండి. పది లైన్ల పని.

హెచ్.264 ఎన్‌కోడింగ్ కావాలంటే ఎక్స్264 బదులు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఎన్‌కోడర్ వాడుకోవచ్చు: విండోస్‌లో మీడియా ఫౌండేషన్, మ్యాక్‌లో వీడియోటూల్‌బాక్స్. సిస్కో వాళ్ల ఓపెన్‌హెచ్264 బీఎస్‌డీ లైసెన్స్. కానీ పేటెంట్ రాయల్టీ సిస్కో కట్టేది వాళ్లు బిల్డ్ చేసి, వాళ్ల సర్వర్ నుంచి యూజర్ మెషీన్‌లోకి దిగిన బైనరీకి మాత్రమే. మీరే కంపైల్ చేసి ఇన్‌స్టాలర్‌లో పెడితే ఆ గొడుగు ఉండదు. కాపీరైట్ లైసెన్స్ వేరు, కోడెక్ పేటెంట్ వేరు. రెండూ కలిపి చూడకండి.

క్యూటీ మల్టీమీడియా వాడుతున్నారా? క్యూటీ 6.5 నుంచి దాని డిఫాల్ట్ బ్యాకెండ్ కూడా ఎఫ్ఎఫ్ఎంపెగ్గే. అంటే మీ ఇన్‌స్టాలర్‌లో రెండు వేర్వేరు ఎఫ్ఎఫ్ఎంపెగ్ కాపీలు ఉండొచ్చు. రెండింటికీ సోర్స్ లెక్క ఉండాలి.

---

చుక్కకామా | పోస్ట్ 4

> ఎంఐటీ, బీఎస్‌డీ అయితే కళ్లు మూసుకుని వాడేయొచ్చా?

కళ్లు తెరిచి వాడండి :) వీటిలో ముఖ్యమైన షరతు ఒక్కటే, జనం ఎక్కువగా తప్పేదీ అదే: కాపీరైట్ లైను, లైసెన్స్ పాఠం కాపీతో పాటు వెళ్లాలి. ఎంఐటీలో "అన్ని కాపీల్లోనూ" అని ఉంది, బీఎస్‌డీలో బైనరీ ఇస్తే డాక్యుమెంటేషన్‌లోనో వెంట ఇచ్చే సామగ్రిలోనో పెట్టమని విడిగా రాసి ఉంది. "ఈ ఉత్పత్తి ఎంఐటీ లైసెన్స్ ఉన్న లైబ్రరీలు వాడుతుంది" అని ఒక వాక్యం రాస్తే సరిపోదు. ప్రతి లైబ్రరీకీ కాపీరైట్ లైను వేరు, దాన్ని అక్షరం మార్చకుండా పెట్టాలి. బూస్ట్ లైసెన్స్ ఒక్కటి ఇక్కడ ఉదారంగా ఉంటుంది, ఆబ్జెక్ట్ కోడ్ (కంపైల్ చేసిన రూపం) మాత్రమే ఇస్తే నోటీసు అడగదు.

మీ సర్వర్‌కి వెబ్ ముఖం ఉంటే ఇంకో సంగతి. బ్రౌజర్‌లోకి వెళ్లే జావాస్క్రిప్ట్ కూడా కాపీ ఇచ్చినట్టే. వెబ్‌ప్యాక్ 5 (జావాస్క్రిప్ట్ ఫైళ్లని మూటకట్టే బండ్లర్) కోడ్‌ని చిన్నది చేసేటప్పుడు `@లైసెన్స్`, `@ప్రిజర్వ్`, లేదా ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే కామెంట్లని పక్కకి తీసి, `మెయిన్.జేఎస్.లైసెన్స్.టీఎక్స్‌టీ` లాంటి ఫైల్లో పెడుతుంది. డిప్లాయ్ స్క్రిప్ట్ "జేఎస్, సీఎస్ఎస్ మాత్రమే ఎక్కించు" అని రాసి ఉంటే ఆ టెక్స్ట్ ఫైలు బిల్డ్ ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది. సైట్‌లో ఆ యూఆర్ఎల్ తెరిచి చూడండి, 404 వస్తే నోటీసులు పోయినట్టే.

అది సరిచేసినా సగమే. చిన్న చిన్న ఎన్‌పీఎం ప్యాకేజీల్లో సోర్స్ ఫైలు తలమీద కామెంట్ ఏమీ ఉండదు, లైసెన్స్ ఫైలు విడిగా ఉంటుంది. బండ్లర్‌కి అది కనపడదు. లైసెన్స్ ఫైళ్లనే ఏరి తెచ్చే ప్లగిన్ కావాలి. వెబ్‌ప్యాక్‌కీ రోలప్‌కీ రెండింటికీ ఉన్నాయి.

జావా వాళ్లు ఎవరైనా చదువుతుంటే: మేవెన్ షేడ్ ప్లగిన్‌తో ఒకటే పెద్ద జార్ చేస్తే మెటా-ఇన్ఫ్ ఫోల్డర్‌లోని లైసెన్స్, నోటీస్ ఫైళ్లు ఒకే పేరుతో ఢీకొని ఒక్కటే మిగులుతుంది. అపాచీ 2.0 నోటీస్ ఫైలుని వెంట పంపమంటుంది (సెక్షన్ 4). నోటీస్‌లని కలిపే ట్రాన్స్‌ఫార్మర్ అదే ప్లగిన్‌లో ఉంది, పామ్ ఫైల్లో చేర్చాలి, దానంతటది పనిచేయదు.

---

కొత్తకోడు | పోస్ట్ 5

వివరంగా చెప్పినందుకు థాంక్సండీ. క్యూటీ గురించి: ఒకటే ఈఎక్స్ఈగా ఇవ్వాలని మా ఆలోచన, అందుకే స్టాటిక్. అది అసలు కుదరదా?

---

లింకర్77 | పోస్ట్ 6

కుదురుతుంది. "ఎల్‌జీపీఎల్ స్టాటిక్ నిషేధం" అనేది పుకారు. లైసెన్స్ కోరేది ఒక్కటే: యూజర్ ఆ లైబ్రరీని తను మార్చుకున్న వెర్షన్‌తో మార్చేసి మీ అప్లికేషన్ని నడుపుకోగలగాలి. డైనమిక్ అయితే డీఎల్ఎల్ మార్చేస్తే చాలు. స్టాటిక్ అయితే మీ సొంత కోడ్ ఆబ్జెక్ట్ ఫైళ్లు, లింక్ చేసే స్క్రిప్ట్ ఇవ్వాలి. సోర్స్ ఇవ్వక్కర్లేదు, `.ఓ` లేదా `.ఓబీజే` ఫైళ్లు చాలు. చదవడానికి ఈజీగానే ఉంటుంది. ఆచరణలో ఇలా దెబ్బతింటుంది:

లింక్ టైమ్ ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటే ఆబ్జెక్ట్ ఫైళ్లలో ఉండేది మెషీన్ కోడ్ కాదు, కంపైలర్ లోపలి రూపం. అది అదే కంపైలర్ వెర్షన్‌కి తప్ప ఎక్కదు, పైగా మీ కోడ్ గురించి కావలసినదానికన్నా ఎక్కువ బయటపెడుతుంది. ఆబ్జెక్ట్ ఫైళ్లలో సింబల్ పేర్లు, డీబగ్ సమాచారం తీయడం మరిచిపోతారు. ప్రతి రిలీజ్‌కీ ఆ ఫైళ్ల మూట దాచాలి, మూడు రిలీజులయ్యాక ఎవరూ దాచరు. అందుకని నా సలహా డీఎల్ఎల్‌లే. ఒకటే ఫైలు కావాలంటే ఇన్‌స్టాలర్ ఒకటే ఫైలుగా ఇవ్వండి, లోపల ఎన్ని డీఎల్ఎల్‌లు ఉన్నా కస్టమర్‌కి పట్టదు.

డైనమిక్ అయినంత మాత్రాన అయిపోలేదు. స్టార్టప్‌లో డీఎల్ఎల్ హ్యాష్ సరిచూసి తేడా ఉంటే ఆగిపోయే కోడ్ కొందరు పెడతారు, దొంగ కాపీలు ఆపడానికి. ఆ చెక్ క్యూటీ డీఎల్ఎల్ మీద పెడితే ఎల్‌జీపీఎల్ ఇచ్చిన హక్కుని తీసేసినట్టే. మీ సొంత మాడ్యూళ్ల మీద పెట్టుకోండి.

పరీక్ష ఇలా చేయండి. మీరు కస్టమర్‌కి ఇవ్వబోయే క్యూటీ సోర్స్ టార్‌బాల్‌నే శుభ్రమైన మెషీన్‌లో విప్పండి. వెర్షన్ చెప్పే ఫంక్షన్‌లో ఏదో ఒక అక్షరం మార్చండి. మీరు రాసిచ్చిన సూచనలతోనే బిల్డ్ చేసి, వచ్చిన క్యూటీ6కోర్ డీఎల్ఎల్‌ని ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో పెట్టి అప్లికేషన్ తెరవండి. మార్చిన అక్షరం కనపడిందా, షరతు తీరినట్టు. బిల్డ్ అవ్వలేదంటే మీ సోర్స్ మూటలో ఏదో తక్కువ: సాధారణంగా మీరు వేసుకున్న ప్యాచ్ గానీ, కాన్ఫిగర్ లైను గానీ.

మాడ్యూళ్లు కూడా చూసుకోండి. క్యూటీలో అన్నీ ఎల్‌జీపీఎల్ 3 కావు. చార్ట్స్, డేటా విజువలైజేషన్, వర్చువల్ కీబోర్డ్ ఓపెన్ సోర్స్ ఎడిషన్‌లో జీపీఎల్ 3 మాత్రమే. చార్ట్స్ డీఎల్ఎల్ ఒక్కటి చేరితే మొత్తం లెక్క తారుమారు.

---

హెక్స్‌డంప్ | పోస్ట్ 7

పైదానికి చిన్న చేర్పు. సీ++ లో "డైనమిక్" అన్నా హెడర్ ఫైళ్లలోని టెంప్లేట్లు, ఇన్‌లైన్ ఫంక్షన్లు మీ ఈఎక్స్ఈలోకే కంపైల్ అవుతాయి. దీనికి లైసెన్స్‌లోనే దారి ఉంది. ఎల్‌జీపీఎల్ 3, సెక్షన్ 3: హెడర్ నుంచి వచ్చేది సంఖ్యా విలువలు, డేటా స్ట్రక్చర్ అమరిక, చిన్న మాక్రోలు, పది లైన్లకి మించని ఇన్‌లైన్లు, టెంప్లేట్లు అయితే అదనపు షరతు లేదు. అంతకు మించితే లైబ్రరీ వాడామన్న నోటీసు, లైసెన్స్ పాఠాల కాపీ ఇవ్వాలి, అంతే. మీరు వాటిని ఎలాగూ ఇస్తున్నారు.

మొత్తం హెడర్లే ఉండే లైబ్రరీకి ఎల్‌జీపీఎల్ ఎప్పుడూ ఇబ్బందే. ఐగెన్ గణిత లైబ్రరీ 3.1.1 నుంచి ఎంపీఎల్ 2కి (మొజిల్లా లైసెన్స్) మారిపోయింది. ఎంపీఎల్ ఫైలు స్థాయి లైసెన్స్: ఆ ఫైళ్ల సోర్స్ (మీరు మార్చి ఉంటే మార్చిన రూపంలోనే) ఇవ్వాలి, పక్కనున్న మీ ఫైళ్ల జోలికి రాదు, స్టాటిక్ అయినా డైనమిక్ అయినా ఒకటే. క్లోజ్డ్ ఉత్పత్తిలో కాపీలెఫ్ట్ (సోర్స్ తిరిగి ఇవ్వమనే లైసెన్స్) లైబ్రరీ ఎంచుకునే అవకాశం ఉంటే నేనైతే ఎంపీఎల్ వైపే మొగ్గుతా. మీ సొంత కోడ్‌ని మాత్రం ఎంపీఎల్ ఫైల్లో చేర్చకండి, విడి ఫైల్లో రాసి పిలుచుకోండి.

---

అటూఇటూ | పోస్ట్ 8

ఘోస్ట్‌స్క్రిప్ట్‌కి ఇంత ఆలోచన ఎందుకు? లింక్ చేయకుండా కమాండ్‌లైన్‌లో ప్రాసెస్‌గా పిలిస్తే రెండూ వేర్వేరు ప్రోగ్రాములు. ఏజీపీఎల్ అయితే ఏంటి, జీపీఎల్ అయితే ఏంటి?

---

టార్‌బాల్ | పోస్ట్ 9

అటూఇటూ గారూ, అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి.

మొదటిది, మీ కోడ్‌కి అంటుకుంటుందా? పైపులు, సాకెట్లు, కమాండ్‌లైన్ ఆర్గ్యుమెంట్లు సాధారణంగా రెండు వేరు ప్రోగ్రాముల మధ్య వాడేవేనని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్ల ప్రశ్నోత్తరాల్లోనే ఉంది. కానీ అవతల వైపుతో లోపలి డేటా స్ట్రక్చర్లు మార్చుకునేంత దగ్గర సంబంధం ఉంటే ఒకే ప్రోగ్రామ్ అనొచ్చని కూడా అక్కడే ఉంది. ఫైలు ఇచ్చి ఫైలు తీసుకోవడం సురక్షితమైన కొస. జీపీఎల్ కోడ్ చుట్టూ పల్చటి రేపర్ రాసి, షేర్డ్ మెమరీలో మీ ఆబ్జెక్టులు దాటించి "ప్రాసెస్ వేరు" అనడం ఇంకో కొస.

రెండోది జనం వదిలేసేది. ఇన్‌స్టాలర్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్ పెట్టి పంపితే మీ కోడ్ సంగతి ఎలా ఉన్నా ఆ కాపీ ఇచ్చింది మీరే. దాని లైసెన్స్, దాని సోర్స్ మీరు ఇవ్వాల్సిందే. "ఫలానా సైట్‌లో ఉంది, చూసుకోండి" అంటే చాలదు. రేపు ఆ సైట్‌లో కొత్త వెర్షన్ మాత్రమే ఉంటుంది, మీరు ఇచ్చిన వెర్షన్ ఉండదు. డౌన్‌లోడ్‌గా ఇచ్చేదైతే బైనరీ పక్కనే సోర్స్ టార్‌బాల్ కూడా పెట్టడం తేలిక. ఎప్పుడడిగినా పంపుతామన్న రాతపూర్వక హామీ జీపీఎల్ 2లో కనీసం మూడేళ్లు నిలబడాలి. జీపీఎల్ 3, ఏజీపీఎల్ 3లో ఆ హామీ పద్ధతి సీడీ, పరికరం లాంటి భౌతిక వస్తువుతో ఇచ్చేటప్పటికే, డౌన్‌లోడ్‌కి కాదు.

ఘోస్ట్‌స్క్రిప్ట్ హక్కుదారు ఆర్టిఫెక్స్ అదే కోడ్‌కి డబ్బు లైసెన్స్ కూడా అమ్ముతుంది. కొరియా ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కంపెనీ హాన్‌కామ్ మీద కోర్టుకి వెళ్లింది. జీపీఎల్ ఉల్లంఘనని కాంట్రాక్ట్ ఉల్లంఘనగా కూడా అడగొచ్చని 2017లో అమెరికా జిల్లా కోర్టు ఆ కేసుని కొట్టేయకుండా ముందుకి పోనిచ్చింది. రెండు లైసెన్సుల్లో అమ్మే కంపెనీల లైబ్రరీలు (ఐటెక్స్ట్, మ్యూపీడీఎఫ్ కూడా ఈ కోవే) వాడేటప్పుడు చూసీచూడనట్టు పోతారనే ఆశ పెట్టుకోవద్దు. వాళ్ల వ్యాపారమే అది.

అయినా ఎగుమతికేగా మీకు పీడీఎఫ్ కావలసింది? క్యూటీ జీయూఐ మాడ్యూల్లోనే క్యూపీడీఎఫ్‌రైటర్ క్లాస్ ఉంది. పెయింటర్‌తో స్క్రీన్ మీద గీసే కోడే పీడీఎఫ్‌లోకి గీస్తుంది. ఉన్న పీడీఎఫ్ తెరిచి చూపించాలంటే క్రోమ్‌లో వాడే పీడీఎఫ్‌యమ్ ఉంది. ఘోస్ట్‌స్క్రిప్ట్ అవసరమే లేదు.

---

కంటైనర్ | పోస్ట్ 10

డాకర్ ఇమేజ్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా.

డెబియన్ లైనక్స్ బేస్ మీద కట్టిన ఇమేజ్‌లో మీ నోడ్ కోడ్ కింద బాష్, కోర్‌యుటిల్స్ (రెండూ జీపీఎల్ 3), జీలిబ్‌సీ (ఎల్‌జీపీఎల్) ఇంకా డజన్లకొద్దీ ప్యాకేజీలు ఉంటాయి. ఆల్పైన్ లైనక్స్ అయితే దాని సీ లైబ్రరీ మజల్ ఎంఐటీయే గానీ, బిజీబాక్స్ జీపీఎల్ 2. మీ కోడ్‌కి వీటివల్ల ఏమీ కాదు, ఒకే డిస్క్‌లో పక్కపక్కన ఉండటం జీపీఎల్ 2 మాటల్లోనే ఉత్త పోగు (మియర్ అగ్రిగేషన్). కానీ ఇమేజ్ మీ రిజిస్ట్రీ నుంచి కస్టమర్‌కి వెళ్తే వాటన్నిటి కాపీలు ఇస్తున్నది మీరు, డెబియన్ కాదు.

చేయాల్సింది: రిలీజ్ బిల్డ్‌లో ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల పేర్లు, ఖచ్చితమైన వెర్షన్లు రాయించి, అదే రోజు సోర్స్ ప్యాకేజీలు దింపి ఇమేజ్ ట్యాగ్ పేరుతో దాచండి. సంవత్సరం తర్వాత వెతికితే మామూలు మిర్రర్‌లో ఆ వెర్షన్లు ఉండవు. డెబియన్ అయితే పాత వెర్షన్లు స్నాప్‌షాట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి; అన్ని డిస్ట్రిబ్యూషన్లకీ ఆ సౌకర్యం లేదు.

రెండు చోట్ల బోల్తా పడతారు. ఒకటి, ఇమేజ్ సైజు తగ్గించాలని `/యూఎస్ఆర్/షేర్/డాక్` మొత్తం తుడిచేసే లైను. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీ కాపీరైట్ ఫైలు ఉండేది అక్కడే. తుడవాలంటే ఆ పేరున్న ఫైళ్లు వదిలి మిగతావి తుడవండి. రెండు, ఒక లేయర్లో జీసీసీ కంపైలర్ ఇన్‌స్టాల్ చేసి తర్వాత లేయర్లో తీసేయడం. కింది లేయర్ అలాగే ఉంటుంది, ఇమేజ్‌తో పాటే వెళ్తుంది. ఫైనల్ కంటైనర్లో కనపడదంతే. మల్టీస్టేజ్ బిల్డ్ పెట్టి, చివరి స్టేజ్‌కి కావలసినవే కాపీ చేయండి. పంపే సామానే తగ్గితే సోర్స్ దాచే భారమూ తగ్గుతుంది.

---

చుక్కకామా | పోస్ట్ 11

సర్వర్ పక్కన డేటాబేస్, క్యాష్ కూడా ఇమేజ్‌గా ఇస్తుంటే వెర్షన్‌ని బట్టి లైసెన్స్ చూడండి. క్యాష్‌గా వాడే రెడిస్ 7.2 దాకా బీఎస్‌డీ. 2024 మార్చిలో మారింది: 7.4 నుంచి ఓపెన్ సోర్స్ కాని రెండు లైసెన్సులు. 2025లో వెర్షన్ 8తో ఏజీపీఎల్ 3 ఇంకో ఎంపికగా చేరింది. 2024లో రెడిస్ నుంచి విడిపోయిన వాల్‌కీ బీఎస్‌డీగానే ఉంది. మాంగోడీబీ 2018 అక్టోబర్‌లో ఏజీపీఎల్ నుంచి ఎస్ఎస్‌పీఎల్‌కి, టెర్రాఫామ్ (సర్వర్లు అమర్చే పనిముట్టు) 2023 ఆగస్టులో బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కి వెళ్లాయి, ఇవీ ఓపెన్ సోర్స్ లైసెన్సులు కావు. మారేది కొత్త వెర్షన్లకే, పాత వెర్షన్ కాపీకి పాత లైసెన్సే వర్తిస్తుంది. డాకర్‌ఫైల్లో "లేటెస్ట్" అని రాసుకున్నవాళ్లకి మాత్రం ఒక రాత్రిలో లైసెన్స్ మారిపోతుంది, తెలియకుండానే.

---

సున్నాఒకటి | పోస్ట్ 12

సందట్లో నాదీ ఒకటి. సీ++ నుంచి మైఎస్‌క్యూఎల్‌కి కనెక్ట్ అవ్వాలి. ఆ క్లయింట్ లైబ్రరీ జీపీఎల్ అని విన్నా. ఇంకోటి, స్టాక్ ఓవర్‌ఫ్లోలో దొరికిన నలభై లైన్ల ఫంక్షన్ పెట్టుకుంటే?

---

హెక్స్‌డంప్ | పోస్ట్ 13

మైఎస్‌క్యూఎల్ సీ క్లయింట్ జీపీఎల్ 2. దాని అదనపు అనుమతి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకే, మీకు వర్తించదు. మరియాడీబీ కనెక్టర్/సీ ఎల్‌జీపీఎల్ 2.1, ఫంక్షన్ పేర్లు చాలావరకు అవే. డైనమిక్‌గా లింక్ చేసుకుని మైఎస్‌క్యూఎల్ సర్వర్‌తోనే మాట్లాడించొచ్చు. కొత్త ఆథెంటికేషన్ ప్లగిన్ల దగ్గర మాత్రం టెస్ట్ చేసుకోండి.

స్టాక్ ఓవర్‌ఫ్లో సమాధానాలు సీసీ బై-ఎస్ఏ కింద ఉంటాయి, 2018 మే నుంచి రాసినవి 4.0. పేరు చెప్పాలి, మార్చినది బయటికిస్తే అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. క్లోజ్డ్ ఉత్పత్తికి సరిపడని షరతు. రెండు లైన్ల పిలుపు అయితే సరే, నలభై లైన్లయితే పద్ధతి అర్థం చేసుకుని మీరే రాసుకోండి.

లైసెన్స్ ఫైలే లేని గిట్‌హబ్ రిపో ఇంతకన్నా చెడ్డది. లైసెన్స్ లేదంటే ఉచితం అని కాదు, అన్ని హక్కులూ రాసినవాళ్లవే.

---

లింకర్77 | పోస్ట్ 14

కొత్తకోడు గారూ, పోస్ట్ 1లో మీరిచ్చిన జాబితా మీకు తెలిసిన జాబితా. బైనరీలో ఉన్న జాబితా అదే అవ్వాలని లేదు. ప్యాకేజీ మేనేజర్ ఫైలు చూసి లైసెన్సులు లెక్కేసే పనిముట్లు దాని మెటాడేటా ఏం చెబితే అదే నమ్ముతాయి. ఒక లైబ్రరీ తన థర్డ్‌పార్టీ ఫోల్డర్లో ఇంకో లైబ్రరీని కాపీ చేసి పెట్టుకుంటే వాటికి కనపడదు. క్యూటీ లోపలే ఫ్రీటైప్, హార్ఫ్‌బజ్, జేపెగ్, పీఎన్‌జీ లైబ్రరీలు ఉన్నాయి, వాటి నోటీసులూ మీరే ఇవ్వాలి. క్యూటీ డాక్యుమెంటేషన్‌లో మాడ్యూల్ వారీగా ఆ జాబితా ఉంటుంది.

అందుకే వెనక నుంచి రండి. ఇన్‌స్టాలర్ విప్పి ప్రతి డీఎల్ఎల్‌నీ ఎక్కడిదో గుర్తించండి. మీ ఈఎక్స్ఈకి లింకర్ మ్యాప్ ఫైలు తీయండి, ఏ స్టాటిక్ ఆర్కైవ్ నుంచి ఏ ఆబ్జెక్ట్ లోపలికి వచ్చిందో లైను లైనుగా కనిపిస్తుంది. లైనక్స్‌లో జీసీసీకి `-డబ్ల్యుఎల్,-మ్యాప్`, విండోస్ లింకర్‌కి `/మ్యాప్`. ఆ తర్వాత సోర్స్ చెట్టు మొత్తం మీద స్కాన్‌కోడ్ గానీ ఫాసాలజీ గానీ (లైసెన్స్ స్కానర్లు) నడపండి. తప్పుడు హెచ్చరికలు బోలెడు వస్తాయి, మొదటిసారి ఓపిక కావాలి. ఫలితాన్ని ఎస్‌పీడీఎక్స్ (లైసెన్సుల వివరాలు రాసే ప్రామాణిక ఫార్మాట్) రూపంలో దాచుకుంటే తర్వాతి రిలీజ్‌కి తేడా మాత్రమే చూస్తే చాలు.

ఎస్‌పీడీఎక్స్ చదివేటప్పుడు జాగ్రత్త: "ఎంఐటీ ఆర్ జీపీఎల్-2.0-ఓన్లీ" అంటే ఎంపిక మీది, ఎంఐటీ తీసుకోండి, తీసుకున్నట్టు రాసి పెట్టండి. "అండ్" అని ఉంటే రెండూ వర్తిస్తాయి. కొన్ని స్కానర్లు ఒకే ప్యాకేజీలో దొరికిన లైసెన్సులన్నిటినీ "అండ్"తో కలిపేస్తాయి, టెస్ట్ ఫోల్డర్లో ఉన్న జీపీఎల్ ఫైలుతో సహా. ఆ ఫైలు మీ బైనరీలోకి రాకపోతే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మ్యాప్ ఫైలు దగ్గరుంటే ఈ వాదన రెండు నిమిషాల్లో తేలుతుంది.

బిల్డ్ సర్వర్లో అనుమతించిన లైసెన్సుల జాబితా పెట్టండి, నిషేధించినవాటిది కాదు. నిషేధ జాబితా పెడితే "తెలియదు" అని వచ్చిన ప్యాకేజీ నిశ్శబ్దంగా దాటిపోతుంది.

---

అటూఇటూ | పోస్ట్ 15

పొరపాటున ఒక జీపీఎల్ ఫైలు లోపలికి వెళ్లి, అప్పటికే అమ్మేశాం అనుకోండి. మొత్తం సోర్స్ విప్పాల్సిందేనా?

---

టార్‌బాల్ | పోస్ట్ 16

దానంతటది అలా జరగదు. అనుమతి లేకుండా కాపీ చేసి ఇచ్చారు కాబట్టి అది కాపీరైట్ ఉల్లంఘన. హక్కుదారు పంపిణీ ఆపమనొచ్చు, నష్టపరిహారం అడగొచ్చు. సోర్స్ విప్పడం మీకున్న దారుల్లో ఒకటి. ఆ కోడ్ తీసేసి కొత్త వెర్షన్ ఇవ్వడం ఇంకోటి. హక్కుదారు ఒక్కరే అయితే డబ్బు లైసెన్స్ కొనడం మూడోది. ఇప్పటికే బయటికెళ్లిన కాపీల లెక్క మాత్రం కొత్త వెర్షన్‌తో చెరిగిపోదు. ఓపెన్ సోర్స్ లైసెన్స్ షరతులు ఉత్త కోరికలు కావనీ, మీరితే కాపీరైట్ కేసు నిలబడుతుందనీ అమెరికా ఫెడరల్ సర్క్యూట్ 2008లో జాకబ్‌సన్ కేసులో చెప్పింది.

వెర్షన్ తేడా ఇక్కడ పనికొస్తుంది. జీపీఎల్ 2లో షరతు మీరగానే మీ హక్కులు రద్దు, తిరిగి రావడానికి దారి రాయలేదు. జీపీఎల్ 3 సెక్షన్ 8లో ఉంది: మొదటిసారి నోటీసు అందిన 30 రోజుల్లోపు సరిదిద్దితే హక్కులు శాశ్వతంగా తిరిగొస్తాయి. అంటే నోటీసు వచ్చిన ఈమెయిల్ సపోర్ట్ క్యూలో నెల రోజులు పడి ఉండకూడదు. ఓపెన్ సోర్స్ విషయాలకి విడిగా ఒక మెయిల్ చిరునామా పెట్టి, అది చదివే మనిషిని పెట్టండి.

నోటీస్‌తో పాటు కోర్టు మాట వస్తే లాయర్ దగ్గరికి వెళ్లండి, ఫోరం దగ్గరికి కాదు.

---

కొత్తకోడు | పోస్ట్ 17

అయితే ఇలా చేస్తాం: రీడ్‌లైన్ బదులు రెప్లెక్స్; ఘోస్ట్‌స్క్రిప్ట్ తీసేసి క్యూపీడీఎఫ్‌రైటర్; ఎఫ్ఎఫ్ఎంపెగ్ మేమే ఎల్‌జీపీఎల్‌గా బిల్డ్ చేసి డీఎల్ఎల్‌లుగా; క్యూటీ డీఎల్ఎల్‌లు, చార్ట్స్ లేకుండా. మల్టీస్టేజ్ ఇమేజ్, సోర్స్ మూట రిలీజ్‌తో పాటే. అబౌట్ బాక్స్‌లో, ఈయూఎల్ఏలో (యూజర్‌తో చేసుకునే లైసెన్స్ ఒప్పందం) ఏం మార్చాలి?

---

హెక్స్‌డంప్ | పోస్ట్ 18

అబౌట్ బాక్స్‌లో మొత్తం పాఠాలు కుక్కక్కర్లేదు. "ఓపెన్ సోర్స్ లైసెన్సులు" అని ఒక బటన్, అది ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోని ఫైలు తెరిస్తే చాలు. నెట్ లేకపోయినా తెరుచుకోవాలి, అందుకని వెబ్ లింక్ ఒక్కటే ఇవ్వకండి. ఒక షరతు గుర్తుంచుకోండి: మీ ప్రోగ్రామ్ నడుస్తూ మీ కాపీరైట్ లైను చూపిస్తుంటే, ఎల్‌జీపీఎల్ లైబ్రరీల కాపీరైట్ లైను కూడా అక్కడే చూపించి, లైసెన్స్ కాపీ ఎక్కడుందో చెప్పమంటుంది. అంటే క్యూటీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ కాపీరైట్ లైన్లు అబౌట్ బాక్స్ మొదటి తెరలోనే రావాలి.

ఫైల్లో ఒక్కో లైబ్రరీకి: పేరు, ఖచ్చితమైన వెర్షన్, కాపీరైట్ లైన్లు, లైసెన్స్ పూర్తి పాఠం, మార్చారా లేదా, సోర్స్ ఎక్కడ. క్యూటీకి ఎల్‌జీపీఎల్ 3 పాఠం ఒక్కటే పెట్టి ఆగిపోతారు. అది జీపీఎల్ 3 మీద అదనపు అనుమతులుగా రాసినది కాబట్టి రెండు పాఠాలూ ఉండాలి.

ఈయూఎల్ఏలో ఎక్కడినుంచో తెచ్చిన నమూనా అయితే "రివర్స్ ఇంజనీరింగ్ పూర్తిగా నిషిద్ధం" అన్న క్లాజు తప్పకుండా ఉంటుంది. ఎల్‌జీపీఎల్ రెండు వెర్షన్లకీ అది పడదు. లైబ్రరీలో చేసుకున్న మార్పుల్ని డీబగ్ చేసుకోవడానికి రివర్స్ ఇంజనీరింగ్‌ని అడ్డుకోకూడదు. క్లాజు తీసేయక్కర్లేదు, చివర ఇలా చేర్చండి: "వెంట ఇచ్చిన ఓపెన్ సోర్స్ భాగాల లైసెన్సులు ఇచ్చే హక్కుల్ని ఈ ఒప్పందం తగ్గించదు, ఆ భాగాల విషయంలో రెండింటికీ తేడా వస్తే ఆ లైసెన్సే చెల్లుతుంది, ఎల్‌జీపీఎల్ భాగాల మార్పుల్ని డీబగ్ చేసుకునేంత మేరకు రివర్స్ ఇంజనీరింగ్‌కి అనుమతి ఉంది." ఈ క్లాజు ఇన్‌స్టాలర్ చూపించే కాపీలో, వెబ్‌సైట్‌లో పెట్టిన కాపీలో, రీసెల్లర్‌కి ఇచ్చే ఒప్పందంలో, మూడు చోట్లా ఉండాలి. మూడోది మార్చడం మరిచిపోతుంటారు.